కంప్యూటర్‌లో మిగిలిన అన్నం

సిద్దిపేట బస్టాండు ఎదురు సందులో నాకు ఒక జిరాక్స్ దుకాణం ఉంది. మా నాయన భివండీకి మగ్గాల పనికి పోయిన ఏడాది పదో తరగతితో బడి మానేశాను. బడి మానేశాను గానీ చదవడం మానలేదు. ఈ మాట అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాను. జిల్లా గ్రంథాలయంలో తేనెటీగల పెంపకం నుంచి గ్రహణాల లెక్క దాకా నాకు అక్కర ఉన్నవీ లేనివీ అన్నీ చదివాను. అక్కడి అటెండరు సెలవు పెట్టిన రోజున ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో నన్నే అడిగేవారు. అందుకే ఎవరైనా "ఇది తెలుసా?" అంటే, తెలియదు అనే మాట నాకు తొందరగా నోట్లోకి రాదు.

నాటక మండలి పెద్దమనిషి ఒకరోజు పాత్రల కాగితాలు జిరాక్స్ తీయించడానికి వచ్చాడు. నాటకం పూర్తి ప్రతి ఎవరికీ ఇవ్వరు. ఎవరి మాటలు వారికే కత్తిరించి ఇస్తారు. అలా కత్తిరించిన కాగితాలను వరసలో పెడుతుంటే, ఆయన నా వెనక బల్ల మీదున్న గ్రంథాలయం పుస్తకాలను చూశాడు. వృత్తికి ఆయన నేతగాడు. తొగుట, మిరుదొడ్డి, నారాయణరావుపేట చుట్టుపక్కల ఊళ్లలో రాజు వేషం అంటే ఆయనే. అందరూ కాకా అంటారు కాబట్టి నేనూ కాకా అనేవాణ్ణి.

"లైబ్రరీల గన్ని పుస్తకాలు సదువుతవు గదా బిడ్డా. కంప్యూటర్ల లెక్కలు రాసుడు వస్తదా?"

"వస్తది కాకా," అన్నాను.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఊళ్లలో వేదికల మీద ఆడీ ఆడీ ఆయనకు ఒక కోరిక మిగిలిపోయింది. సిద్దిపేట పట్నంలో కట్టిన పెద్ద హాలులో, తెర మోటారుతో లేచే ఆ హాలులో, ఒక్కసారి రాజుగా నిలబడాలి. పద్యం చివర దమ్ము అందడం లేదనీ, ఇంకో ఏడాది ఆగితే గొంతు ఉంటుందో ఉండదో తెలియదనీ అన్నాడు. హాలు కిరాయి, లైట్లు, మైకులు కలిపి మండలి మోయలేని ఖర్చు. బట్టల దుకాణం సేటు ఒకాయన కడతానన్నాడట. కానీ ఒక షరతు పెట్టాడు.

"క్రికెట్ పోరగాండ్లకు పోయినేడు పైసలిచ్చిండట, ఒక్కడు లెక్క చెప్పలేదట. అందుకే ఇప్పుడు నోటుబుక్కు లెక్క నడ్వది అన్నడు. నాటకానికి ఏం వచ్చింది, ఏం పోయింది, అన్నీ కంప్యూటర్ల తీసిన కాయిదం మీదుండాలెనట. అది చూసినంకనే కిరాయి."

"ఎప్పటి వరకు కావాలె?"

"హాలు తారీకు ఇంకోలు పట్టుకోకముందే," అన్నాడు.

ఆయన వెళ్లాక నేను దుకాణం మూసి గ్రంథాలయానికి పరిగెత్తాను.

అక్కడ ఇంటర్ కామర్సు పుస్తకం ఒకటి, ఇంకా మందంగా ఉన్న పాత పుస్తకం ఒకటి దొరికాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ ఒకటి నెల రోజులు ఉచితంగా వాడుకోవచ్చని ఉంటే దాన్ని దుకాణం కంప్యూటర్‌లో ఎక్కించాను. పుస్తకం ఎడమ పక్కన, కీబోర్డు కుడి పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. మొదటి గంటలోనే నా తల తిరిగింది. నా ఖాతాలో పైసలు పడితే బ్యాంకు వాళ్లు క్రెడిట్ అయిందని మెసేజ్ పంపిస్తారు. పోతే డెబిట్ అంటారు. అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ పుస్తకమేమో చేతికి నగదు వస్తే డెబిట్ రాయమంటుంది. అచ్చు తప్పేమో అనుకుని రెండో పుస్తకం చూశాను. అందులోనూ అదే. బ్యాంకు అబద్ధం చెబుతోందా, పుస్తకం చెబుతోందా? కొన్ని పేజీల తర్వాత, బ్యాంకు తన వైపు నుంచి మాట్లాడుతుంది, మనం మన వైపు నుంచి రాసుకోవాలి అని అర్థమైంది. అర్థమైంది అని రాశాను గానీ, ప్రతి ఎంట్రీ దగ్గరా మళ్లీ ఆగి, నేను ఏ వైపు నిలబడ్డానో చూసుకోవాల్సి వచ్చేది.

సాఫ్ట్‌వేర్‌కు ఇంకో పట్టుదల ఉంది. ఏ పేరు రాసినా అది ఏ గుంపులోదో చెప్పమంటుంది. ఆస్తి, అప్పు, రాబడి, ఖర్చు. ఈ నాలుగింటిలో లోకమంతా పట్టాలి. ముఖానికి పూసే రంగు ఖర్చు. అది తేలిక. కిరీటం? అది చాలా ఏళ్లు ఉంటుంది కాబట్టి స్థిరాస్తి అని పుస్తకం చెప్పింది. స్థిరాస్తి అనగానే, ఏటా ఎంత తరుగు అని అడిగింది సాఫ్ట్‌వేర్.

నేను కాకను అడిగాను. ఆయన కిరీటాన్ని తిప్పి చూశాడు. "అద్దాలు రెండు ఊడినయ్. తరుగుడంటే గదేనా?"

"ఏడాదికి ఎంత పోతదో చెప్పాలె కాకా."

"నేను పెట్టుకున్నకాడికి నా ఎంటికలు పోయినయ్. కిరీటం అట్లనే ఉన్నది," అన్నాడు.

ఆ రోజు రిహార్సల్ నేత సంఘం షెడ్డులో జరుగుతోంది. రాణి వేషం వేసే ఆమె మిరుదొడ్డిలో బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది. మండలిలో కూలి మాట్లాడుకుని వేషం వేసేది ఆమె ఒక్కతే. సగం కూలి ముందే ఇచ్చారు, మిగతా సగం ఆట అయ్యాక ఇస్తారు. ఆమె నా భుజం మీద నుంచి, నేను ప్రింటు తీసి తెచ్చుకున్న కాగితంలోకి తొంగిచూసింది.

"నా పేరున్నది. ఏందది, ఏ గుంపుల ఏసినవ్ నన్ను?"

"అప్పులల్ల అక్కా," అన్నాను.

"కిరీటం?"

"ఆస్తులల్ల."

ఆమె షెడ్డు అంతా వినబడేలా కేకేసింది. "ఇగో రాజా! నీ నెత్తి మీది అట్టముక్క ఆస్తట. నేను అప్పట. రాజ్యంల వానలెందుకు పడ్తలేవో ఇప్పుడు సమజైంది!"

నాటకం కథ వానలు పడని రాజ్యం గురించి. అందరూ నవ్వారు. మండలి ఆమెకు ఇవ్వాల్సి ఉంది కాబట్టి అది అప్పు, అందులో ఆమెను తక్కువ చేసిందేమీ లేదు అని నేను వివరించబోయాను. "ఇయ్యాల్సింది మీరు, అప్పు నేనా?" అంది. దానికి నా దగ్గర జవాబు ఉండాలి. పుస్తకంలో ఉంది. కానీ ఆమె ముఖం చూస్తే ఆ జవాబు సరైనదిగా అనిపించలేదు.

ఇవన్నీ చిన్న చిక్కులు. పెద్ద చిక్కు అన్నం దగ్గర వచ్చింది.

ఈ మండలికి ఒక పద్ధతి ఉంది. రిహార్సల్ ఏ ఊళ్లో పెడితే ఆ ఊళ్లో ఒక ఇల్లు మండలి మొత్తానికి అన్నం పెడుతుంది. దాన్ని వంతు అంటారు. వంతు వచ్చిన ఇల్లు వీలుకాదు అనదు, మండలి ఎంతైంది అని అడగదు. ఈ రెండోది నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతే కాదని వాళ్లు అనుకున్నారు. పుస్తకం మాత్రం, ఉచితంగా వచ్చినదానికి కూడా విలువ కట్టి రాయాలని చెప్పింది.

నారాయణరావుపేటలో ఆ రోజు వంతు పెట్టిన ఇంటి ఆమె పెరుగు గిన్నె పట్టుకుని వరస వెంట వస్తోంది. నా విస్తరి దగ్గర ఆగింది.

"ఇంకింత పోసుకో తమ్మీ, ఎండల వచ్చినవ్."

"అక్కా, ఇయ్యాల్టి వంటకు మొత్తం ఎంతైంది?"

ఆమె నవ్వింది. "ఎందుకు, హోటల్ వెడ్తవా?"

"లేదక్కా. లెక్కల రాయాలె."

"ఎవలి లెక్కల?"

"మండలి లెక్కలల్ల. కంప్యూటర్ల ఎక్కిస్తున్న."

గరిటె ఆగిపోయింది. పెరుగు నా చేతి మీద పడింది. "మా ఇంట్ల తిన్న అన్నానికి బిల్లు రాస్తవా? ఓ కాకా! ఈ పిల్లగాన్ని ఏడికెళ్లి పట్కచ్చినవ్?"

కాక తల ఎత్తకుండానే, "సదువుకున్న పిల్లగాడు బిడ్డా, గట్లనే అడుగుతడు," అన్నాడు.

"సదువుకుంటె అన్నానికి రేటు అడుగుతరా? మా అత్త పోయినేడు సంది వంతు ఎప్పుడొస్తదా అని ఎదురుసూసింది. నువ్వు రేటు రాస్తే మేం అమ్ముకున్నట్టు గాదా?"

"అమ్మినట్టు కాదక్కా, విరాళం ఇచ్చినట్టు రాస్త."

"విరాళం గుడికిస్తరు. గిది వంతు," అంది. నాకు పోయాల్సిన పెరుగు పక్కవాడికి పోసి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అమ్మకం కాదు, విరాళం కాదు, వంతు. సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా వంతు అనే గుంపు లేదు. కొత్త గుంపు తయారు చేయొచ్చు గానీ, అది ఆ నాలుగింటిలో దేని కింద ఉండాలో మళ్లీ అడుగుతుంది. చివరకు విరాళం కిందే పెట్టాను. ఆమె విలువ చెప్పలేదు కాబట్టి, బస్టాండు పక్క మెస్సు బోర్డు మీద ప్లేటు భోజనం ధర చూసి, తిన్నవాళ్లందరికీ ఆ లెక్కన కట్టాను. తొగుటలో వంతు పెట్టిన ఇంటికీ అంతే, మిరుదొడ్డి ఇంటికీ అంతే, అంతకుముందు వంతులు పెట్టిన ఇళ్లన్నిటికీ అంతే. నాటుకోడి పెట్టిన రోజులకు కొంచెం ఎక్కువ వేశాను.

ఎంట్రీకి రెండు వైపులుండాలి. ఒక వైపు విరాళం. రెండో వైపు? వచ్చిన సరుకు నిల్వలోకి పోవాలి. నా దుకాణంలో కాగితాల బండిళ్లు వస్తే నేను అలాగే రాస్తాను. అన్నం, పప్పు, కోడికూర, పెరుగు అన్నీ నిల్వలోకి పోయాయి. రెండు వైపులూ సరిపోయాయని సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంది. అది ఒప్పుకుంటే చాలు, నాకు పరీక్ష పాసైనంత సంతోషంగా ఉండేది.

అన్నీ ఎక్కించాక చివరి కాగితం తీశాను. అడుగున మిగులు అని, యాభై మూడు వేల పైచిలుకు కనబడింది.

కాకకు చూపిస్తే నమ్మలేదు. "మిగిలిందా? మనకా?"

"మిగిలింది కాకా."

రాణి చెయ్యి చాపింది. "అయితే నా సగం కూలి పారెయ్యుండ్రి."

కాక రేకు పెట్టె తీశాడు. అందులో కొన్ని పది రూపాయల నోట్లు, కొబ్బరికాయ కొట్టిన రోజు పళ్లెంలో పడిన చిల్లర ఉన్నాయి. ముగ్గురం పెట్టెలోకి చూశాం, తర్వాత కాగితంలోకి చూశాం.

"కంప్యూటర్ల ఉన్నయట, పెట్టెల లేవట," అంది ఆమె. "కంప్యూటర్‌నే పట్టుకొని ఇంటికి పోవాల్నా?"

మిగులు వేరు, నగదు వేరు అని పుస్తకంలో చదివాను. ఆ ముక్క గుర్తుండడం వల్ల నాకు అనుమానం రాలేదు. అనుమానం రావలసిన చోట నాకు జవాబు సిద్ధంగా ఉంది. మిగులు ఉన్నా నగదు లేకపోవచ్చు, అది మామూలే, పెద్ద పెద్ద కంపెనీలకూ అంతే అని చెప్పాను. వాళ్లకు అర్థం కాలేదు. నిజానికి నాకూ అర్థం కాలేదు. అయినా చదివింది చెప్పానన్న ధైర్యంతో కాక వెంట సేటు దుకాణానికి వెళ్లాను.

సేటు కాగితం పైనుంచి చదవలేదు. తిన్నగా అడుగుకు పోయాడు.

"మిగులు యాభై మూడు వేలు. మంచిగున్నది. మీ కాడనే గిన్ని పైసలుంటే నా దగ్గరికెందుకొచ్చిన్రు?"

కాక నా వైపు చూశాడు.

"అది నగదు కాదు సేటూ," అన్నాను.

"మరేంది?"

"నిల్వ."

సేటు పేజీ తిప్పి పైకి చదవడం మొదలుపెట్టాడు. "నిల్వ సరుకు. అన్నం. పప్పు. పెరుగు. నాటుకోడి కూర." చీరలు మడతపెడుతున్న పనివాళ్లు మడతపెట్టడం ఆపేశారు. "ఏడ వెట్టిన్రయ్యా గీ కోడికూర?"

కాకకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. "నారాయణరావుపేటది మొన్నటిది సేటూ. తొగుటది అంతకుముందుది."

"మొన్నటి కోడికూర ఇయ్యాల మీ ఆస్తా?"

ఒక పనివాడు చీర ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. సేటు నవ్వలేదు. కాగితం మడిచి కాక చేతిలో పెట్టాడు. "అన్నా, నీ మీద నాకు గౌరవమున్నది. గని నన్ను పిచ్చోన్ని చెయ్యకు. శుక్రవారం లోపల సక్కగ రాసుకొని రా. లేకుంటె హాలు ముచ్చట మర్చిపో. డ్యాన్సు స్కూలోళ్లు అదే తారీకు అడుగుతున్నరట."

బయటికి వచ్చాక కాక కాగితాన్ని జేబులో పెట్టుకుని నడిచాడు. సోడా బండి దగ్గర ఆగి, "ఏమైంది బిడ్డా?" అని అడిగాడు.

నాకు అప్పుడే తట్టింది. "అన్నం వచ్చిందని రాసిన గని, తిన్నమని చెప్పలే కాకా."

"ఎవలికి?"

"కంప్యూటరుకు."

"చెప్పకుంటె దానికి తెల్వదా?"

"తెల్వదు."

ఆయన సోడా తాగి సీసా ఇచ్చేశాడు. "తిన్నది మనం. మనకు తెల్సు, పెట్టినోళ్లకు తెల్సు. ఇంక దానికి గూడ ఎందుకు చెప్పాలె?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగాడు. సేటుకు కావాలి కాబట్టి, అన్నాను. సేటుకు తెలియదా అన్నం తింటారని, అన్నాడు.

శుక్రవారానికి ఎక్కువ రోజులు లేవు. మళ్లీ పుస్తకాలు ముందేసుకున్నాను. నిల్వలోంచి తీసి ఖర్చులో వేయాలి, అంతే. చెప్పడానికి తేలిక. ఒక్కో పూట ఎంత వాడారో చెప్పమంది సాఫ్ట్‌వేర్. మొత్తం వాడారా, కొంత మిగిలిందా? నేను రాణికి ఫోన్ చేశాను.

"అక్కా, తొగుటల అన్నం మిగిలిందా?"

"ఇంకా గదే పట్టుకున్నవా? మిగిలింది. నేను డబ్బాల పెట్టుకొని ఇంటికి తెచ్చుకున్న. మా పిల్లలు తిన్నరు. రాస్తవా గది గూడ?"

ఫోన్ పెట్టాక మధ్యాహ్నమంతా దాని గురించే ఆలోచించాను. డబ్బాలో ఇంటికి పోయిన అన్నం మండలి ఖర్చా, ఆమె కూలిలో భాగమా? కూలిలో భాగం అయితే ఆమెకు ఇవ్వాల్సింది అంత తగ్గాలి. అన్నం పెట్టిన ఇల్లు ఆమెకు కూలిగా పెట్టలేదు కదా. ఆమె తీసుకెళ్లకపోతే ఆ అన్నం కుక్కలకు వేసేవారు. అప్పుడు అది ఏ ఖర్చు? జిరాక్స్‌కు వచ్చిన ఒకాయన, "తమ్మీ, ఆధార్ రెండు కాపీలు" అని చాలాసార్లు అడిగాడట, నాకు వినబడలేదు. అంతా తిన్నారు అని రాసి ముగించాను. ఏదైనా ఎవరో ఒకరు తిన్నారు కాబట్టి అది అబద్ధం కాదనుకున్నాను.

కొత్త కాగితంలో మిగులు పోయింది. దాని చోట తొమ్మిది వేల లోటు కనబడింది. అందులో రాణికి ఇవ్వాల్సింది, హార్మోనియం కిరాయి, బస్సు ఖర్చులు ఉన్నాయి. నాకు లోటు చూసి సంతోషం వేసింది. పెట్టె ఖాళీగా ఉంది, కాగితం కూడా ఖాళీ అంటోంది. మొదటిసారి రెండూ ఒకే మాట చెప్పాయి.

సేటు మాత్రం అలా చూడలేదు.

"మొన్న యాభై మూడు వేల మిగులు. ఇయ్యాల తొమ్మిది వేల లోటు. ఈ నడుమ ఏమైంది?"

"ఏం కాలే సేటూ," అన్నాడు కాక.

"ఏం గాకుంటనే గింత మారిందా?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. నిల్వ అంటే ఏమిటో, అది ఖర్చులోకి ఎలా పోతుందో, ఎడమ వైపు ఏమిటో, కుడి వైపు ఏమిటో. చెబుతున్నకొద్దీ నాకే దారి తప్పింది. మధ్యలో ఒకసారి డెబిట్ అనాల్సిన చోట క్రెడిట్ అన్నాను, సరిదిద్దబోయి ఇంకోసారి తప్పాను. సేటు వింటున్నాడో లేదో తెలియదు. ఆయన వేలు వంతుల పేజీ మీద ఉంది. ఏ ఊరు, ఏ ఇల్లు, ఎంత విలువ, వరసగా ఉన్నాయి. తొగుట దగ్గర వేలు ఆగింది.

"ఈ ఇల్లు కల్లు గీసేటోళ్లది గదా? ఆ తాళ్లవనం కాడ ఉంటరు."

"అవును సేటూ," అన్నాడు కాక.

"నాలుగు వేల ఎనిమిది వందలు వెట్టిన్రా వీళ్లు?"

ఆ అంకె నాది. ఆ ఇంటివాళ్లు ఏ అంకెనూ చెప్పలేదు. మెస్సు బోర్డు మీది ధర పెట్టి నేను గుణించింది అది. వాళ్లు కట్టెల పొయ్యి మీద వండిందీ, మెస్సులో వండిందీ ఒకటి కావు. ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు. "సేటూ, ఆ రేటు నేను..." అని మొదలుపెట్టాను.

"పెట్టిన్రు సేటూ," అన్నాడు కాక. "రెండు పూటలు పెట్టిన్రు. పొద్దుగాల గుడాలు గూడ పెట్టిన్రు."

అది కూడా నిజమే. ఆ ఉడికించిన శనగ గుడాలు నేను రాయడం మరిచిపోయాను. నా అంకె తప్పయితే, ఎటువైపు తప్పో తెలియలేదు.

సేటు ఆ పేజీ కిందిదాకా చదివాడు. మళ్లీ పైకి వచ్చాడు. కాగితం గల్లాపెట్టె పక్కన పెట్టి, ఎవరినో మంచినీళ్లు తెమ్మన్నాడు. తాగాడు. "హాలోనికి నేను ఫోన్ జేస్త. పోండ్రి," అన్నాడు.

మెట్లు దిగాక కూడా మాకు నమ్మకం కుదరలేదు. ఎందుకు ఒప్పుకున్నాడు? నా వివరణ విని ఒప్పుకోలేదు, అది ఖాయం. కాక, "మనిషి మంచోడు" అన్నాడు. మొన్నా మంచివాడే కదా, మరి మొన్న ఎందుకు కాదన్నాడు? సాయంత్రం రాణికి చెబితే ఆమె వేరే మాట అంది. "కల్లు గీసేటోళ్లింటికన్న తను తక్కువ కనవడొద్దనుకున్నడు. గంతే." అలా అయితే నేను గుణించిన అంకె వల్లే హాలు దొరికినట్టు. అది నిజమైన అంకె కాకపోతే హాలు ఎలా దొరికినట్టు? నిజమే అయితే నేను ఇంతగా ఎందుకు నలుగుతున్నాను? న్యాయమైన విలువ కట్టాలి అని పుస్తకం చెప్పింది. ఎవరికి న్యాయమైనదో చెప్పలేదు. ఆ అధ్యాయం మళ్లీ రెండుసార్లు చదివాను.

ఆట ఆదివారం సాయంత్రం పెట్టారు. హాలు నిండింది. ఊళ్ల నుంచి ట్రాలీ ఆటోల్లో వచ్చినవాళ్లు మెత్తటి కుర్చీల అంచున, చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సేటు ముందు వరసలో ఉన్నాడు. నేను పక్క గోడ దగ్గర, బిల్లుల సంచి పట్టుకుని నిలబడ్డాను. తెర మోటారుతో లేచింది. కాక రాజుగా నడిచి వచ్చాడు. ఆయన గొంతు ఆ రోజు పట్టు తప్పలేదు. పద్యం చివర దమ్ము సరిపోతుందా అని నేను నా ఊపిరి బిగబట్టుకున్నాను. సరిపోయింది.

చివరి సీనులో రాజు ప్రజలకు క్షమాపణ చెబుతాడు. వేదిక ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, వానలు పడకపోవడం నా పాపమే అంటాడు. ఊళ్లలో అయితే ఆయన అలా కూర్చోగానే జనంలోంచి ఎవరో ఒకరు, "లే రాజా, లే!" అంటారు. ఆ మాట పడేదాకా ఆయన లేవడు. అది కాగితాల్లో ఎక్కడా రాసి లేదు. జనం అనాలి, ఆయన లేవాలి.

ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. హాలు నిశ్శబ్దంగా ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ఊళ్లవాళ్లు ముందు వరసల వైపు చూశారు. ముందు వరసలవాళ్లు వేదిక వైపు చూస్తున్నారు. ఇలాంటి చోట అరవొచ్చా కూడదా అని నాకూ తెలియలేదు. నాటకశాలలో ప్రేక్షకులు మౌనంగా ఉండాలని ఎక్కడో చదివాను. నోరు తెరిచి మళ్లీ మూశాను. రాజు తల వంచుకుని అలాగే ఉన్నాడు. ఆ కూర్చోవడం ఎంతసేపో నాకు తెలియదు. చాలాసేపటికి రాణి తన చోటు నుంచి ముందుకు వచ్చి, కాగితంలో లేని మాట, "లేవండి మహారాజా," అంది. ఆయన లేచాడు. తెర పడింది. అందరూ ఒకేసారి చప్పట్లు కొట్టారు.

సేటు వేదిక మీదికి వచ్చి శాలువా కప్పాడు, ఫోటోలు తీశారు, జనం వెళ్లిపోయారు. నేను లోపలికి పోతే కాక రంగు కడుక్కోకుండా కూర్చుని ఉన్నాడు.

"ఒక్కలు గూడ లే అనలే బిడ్డా. నచ్చలేదా?"

"నచ్చింది కాకా. లీనమై చూస్తే సప్పుడు చెయ్యరట. పుస్తకాలల్ల ఉన్నది."

"పుస్తకాలల్ల ఉన్నదా?"

"ఉన్నది."

కాక శాలువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రాణి వైపు తిరిగి, "నీకేమనిపించింది?" అని అడిగాడు.

"నాకేం ఎరుక? నా కండ్లల్ల అన్ని లైట్లే," అంది, పిన్నులు తీసుకుంటూ. "గింతసేపు మోకాళ్ల మీద ఉంటివి, లేస్తవో లేవవో అని నా పానం పోయింది."

"నాకు గూడ ముందర అంత చీకటే. మనుషులున్నరో లేరో తెల్వలే," అన్నాడు ఆయన.

లేచి, రాజు బట్టల్లోనే మెట్లు దిగి ఖాళీ హాలులోకి వెళ్లాడు. లోపల లైట్లు తీసేశారు, వేదిక మీదివి మాత్రం వెలుగుతున్నాయి. నేను వెంట వెళ్లాను. ఆయన మధ్య వరసలో ఒక కుర్చీలో కూర్చుని వేదిక వైపు చూశాడు.

"నువ్వు పోయి ఆడ నిలవడు బిడ్డా. నేను నిలవడ్డకాడ."

బిల్లుల సంచి కింద పెట్టి వేదిక ఎక్కాను. ఆయన మోకాళ్ల మీద కూర్చున్న చోట నిలబడ్డాను. లైట్లు ముఖం మీద పడ్డాయి. ముందు ఏమీ కనబడలేదు. కుర్చీలు లేవు, గోడలు లేవు, కాక లేడు.

"కనవడ్తున్ననా?" చీకట్లోంచి ఆయన గొంతు వచ్చింది.

"లేదు కాకా."

"నువ్వైతే మంచిగ కనవడ్తున్నవ్. అంటే నేను గూడ గిట్లనే కనవడ్డట్టు," అన్నాడు.

దిగాలో, ఇంకా నిలబడాలో తెలియక నేను అక్కడే ఉన్నాను.